బైఫేజిక్ మోడల్‌తో నాలుగేళ్లు: మోకాలి గుజ్జులో తూము బందైన ముచ్చట

మోకాలి ఎముకల చివర్లను కప్పే పొరను, అంటే గుజ్జును (కార్టిలేజ్), నీళ్లు నిండిన సన్న రంధ్రాల గట్టి పదార్థంగా లెక్కగట్టేదే 1980లో మౌ అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన బైఫేజిక్ మోడల్. హనుమకొండలో అద్దె గదిలో ఉంటూ పీహెచ్‌డీ కోసం నాలుగేళ్లుగా రోజూ దీన్నే వాడుతున్నా.

ఇందులో నాకు నచ్చింది ఒక్కటే, టైమ్. అంతకుముందు రెండు వస్తువులు ఒకదాన్నొకటి నొక్కుకున్నప్పటి ఒత్తిడికి వాడే 1882 నాటి హెర్ట్జ్ ఫార్ములాతో లెక్క కట్టేవాణ్ని, అందులో బరువు పెట్టగానే ఎంత కుంగిందో అరగంట తర్వాత కూడా అంతే. ఇక్కడ మొదట బరువు నీళ్ల మీద పడుతుంది, అవి మెల్లగా పక్కకు జారే కొద్దీ గట్టి పదార్థం మీదికి మారుతుంది, గుజ్జు కుంగుతూ పోతుంది. రెండు గుజ్జులు తాకిన చోట నీళ్లు బయటికి పోలేవు, తాకని చోట పోతాయి, కీలు జరిగినప్పుడల్లా ఆ హద్దూ జరుగుతుంది, నేను వాడే ఉచిత సాల్వర్ (ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) ఆ తలనొప్పంతా తనే చూసుకుంటుంది. స్క్రీన్ మీద పీడనం రంగు పాలిపోవడం మొదటిసారి చూసిన రాత్రి మెస్ మూసేసేదాకా తిండి సంగతే గుర్తురాలేదు.

పోయిన ఎండాకాలం మాత్రం ఏడిపించింది. మొదటి సెకనులో బరువులో తొంభై శాతం పైనే నీళ్ల మీద, పేపర్లలో ఉన్నట్టే, సంబరపడ్డా. బరువు అలాగే ఉంచి 1800 సెకన్లు నడిపితే కుంగుడు గీత స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంది. పెనాల్టీ (తాకిన గుజ్జులు ఒకదాంట్లోకి ఒకటి దూరకుండా ఆపే అంకె) మార్చా, మెష్ (మోడల్‌ను చిన్న ముక్కలుగా కోసే వల) సన్నం చేశా, టాలరెన్స్ (లెక్కలో ఒప్పుకునే తప్పు) బిగించా. ఒక్కో రన్ ఆరేడు గంటలు, నడుమ కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి, యూపీఎస్ పేరుకే ఉంది. పదకొండో రోజు పక్క సీటు అన్న, పాకాల చెరువు కింద పొలం ఉన్న మనిషి, గ్రాఫ్ చూసి "ఏం తమ్మీ, నీ మోకాల్ల తూము బందయిందా?" అన్నాడు.

నవ్వి ఊరుకున్నా గానీ, చాయ్ సగంలో తట్టింది. తూము అంటే పర్మియబిలిటీ, గుజ్జులోంచి నీళ్లు ఎంత సులువుగా పారతాయో చెప్పే అంకె. పేపర్లలో అది 10⁻¹⁵ ప్రాంతంలో ఉంటుంది, కానీ అది మీటర్ల లెక్క, నా మెష్ మిల్లీమీటర్లలో ఉంది. యూనిట్‌లో పొడవు నాలుగో ఘాతం కాబట్టి అక్కడ 0.001 రాయాలి, నేను 10⁻¹⁵ అలాగే దింపా. సాల్వర్‌కు యూనిట్లతో పని లేదు, ఏమిస్తే అది మింగుతుంది. రెండు మిల్లీమీటర్ల మందం, అర మెగాపాస్కల్ గట్టిదనం వేసి చూస్తే రెండు గంటల పైచిలుకు పట్టాల్సిన కుంగుడుకు నా మోడల్‌లో పాతిక కోట్ల ఏళ్లు కావాలి. అరగంటకే గీత కదల్లేదని నేను ఏడ్చింది దాని కోసం!

తప్పు నాది, మోడల్‌ది కాదు. అయితే జూనియర్లకు "బరువంతా నీళ్లే మోస్తాయి" అని చెప్తూ తిరిగిన మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. బిళ్లలా కోసిన గుజ్జును పక్కలు వదిలేసి నొక్కితే, ఫైబర్లు లేని సాదా మోడల్‌లో నీళ్ల వాటా మూడో వంతు దాటదు, ప్రయోగాల్లో అంతకన్నా చాలా ఎక్కువ వస్తుంది. లాగితే గట్టిగా, నొక్కితే మెత్తగా ఉండే కొల్లాజెన్ ఫైబర్లు కలిపితే గానీ ఆ తేడా పోదు, కలిపితే రన్ ఇంకా బరువవుతుంది.

మీకు ఒక్క అడుగు వేసినప్పటి ఒత్తిడే కావాలంటే ఇదంతా పెట్టుకోకండి, అంత తక్కువ టైములో నీళ్లు ఎటూ పోవు, దాదాపు నొక్కుకోని ఎలాస్టిక్ మోడల్ చాలు. నాది గంటల తరబడి నిలబడేవాళ్ల మోకాలు, అందుకే దీన్ని వదల్లేను, మంచి మెషిన్ ఉన్నవాళ్లకు నా అంత విసుగు రాకపోవచ్చు. ఫైబర్లతో పూర్తి మోకాలి రన్ మాత్రం నా దగ్గర మోడల్ లోపలి టైములో ఇంకా పదో సెకను దాటలేదు.