ఫాల్టీ టవర్స్: పదోసారి చూసేవాళ్ల కోసం, మొదటిసారి చూసేవాళ్ల కోసం

ఫాల్టీ టవర్స్ ఓ బ్రిటిష్ టీవీ కామెడీ. మొత్తం 12 ఎపిసోడ్లు. 1975లో ఆరు, 1979లో ఆరు, బీబీసీ 2లో వచ్చాయి. రాసింది జాన్ క్లీజ్, కోనీ బూత్ ఇద్దరూ. ఇంగ్లండ్‌లోని టోర్కీ ఊళ్లో ఫాల్టీ టవర్స్ అనే హోటలు, దొరల ముందు వంగిపోతూ మిగతావాళ్ల మీద విరుచుకుపడే యజమాని బేసిల్, అతన్ని ఒక్క కేకతో నిలబెట్టేసే భార్య సిబిల్, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన స్పెయిన్ వెయిటర్ మాన్యుయెల్. సరుకంతా ఇంతే. ఇంత కొంచెం సరుకు ఇన్నేళ్లు ఎలా నిలిచిందంటే, పదోసారి చూసేటప్పుడు జోకు పేలే చోటుకంటే ముందు, మందు కూరే చోటే నవ్వు వస్తుంది.

‘కమ్యూనికేషన్ ప్రాబ్లమ్స్’ చూడండి. బేసిల్ గుర్రప్పందెంలో డబ్బు గెలుస్తాడు. సిబిల్‌కి తెలిస్తే కొంప మునుగుతుంది. అందుకని మాన్యుయెల్‌కి నూరిపోస్తాడు: ఎవరడిగినా నాకేమీ తెలియదు అనాలి. తర్వాత ఆ డబ్బు తనదేనని రుజువు చేసుకోవాల్సి వచ్చి, సాక్షి కోసం మాన్యుయెల్‌నే పిలుస్తాడు. చెప్పిన పాఠం గుర్తుపెట్టుకున్నందుకు పొంగిపోతూ మాన్యుయెల్ అంటాడు కదా, నాకేమీ తెలియదని! అదే ఎపిసోడ్‌లో హోటల్లో దిగిన మిసెస్ రిచర్డ్స్ బ్యాటరీ ఆదా చేద్దామని వినికిడి మిషన్ ఆపేసుకుని తిరుగుతుంది. చెవిటివాడి ముందు శంఖం అంటాం గాని, ఇక్కడ శంఖం ఊదేవాడికే ఊపిరాడదు.

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది దీంతోనే. తర్వాత ‘ద కిప్పర్ అండ్ ద కార్ప్స్’, ఆ తర్వాత ‘గోర్మే నైట్’. మొదటి ఎపిసోడ్ కాస్త నెమ్మది. కాకపోతే ట్రేల జోకు అందులోనే ఉంది. ట్రేల మీద వెన్న ఎక్కువైందని బేసిల్ అంటే, ‘ఆన్ దోజ్ ట్రేజ్’ అన్నది మాన్యుయెల్ చెవిన తప్పు స్పానిష్‌లా పడుతుంది. ‘ఉనో, దోస్, త్రేస్’ అని దిద్దుతాడు. ఒకటి, రెండు, మూడు అన్నమాట. ఇది తెలియకపోతే ఆ జోకు గాలికి పోతుంది.

సెట్టింగుల విషయం. పాత 4:3 బొమ్మ ఇది, ఇప్పటి టీవీలంత వెడల్పు ఉండదు. టీవీలో స్ట్రెచ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. బేసిల్‌గా వేసిన ఆరడుగుల అయిదంగుళాల క్లీజ్, మాన్యుయెల్‌గా వేసిన పొట్టి ఆండ్రూ సాక్స్ మీదికి వంగడంలోనే సగం హాస్యం ఉంది. సాగదీస్తే ఇద్దరూ బస్తాల్లా కనిపిస్తారు. సబ్‌టైటిల్స్ మొదటిసారికి పెట్టుకోండి, రెండోసారికి తీసేయండి. మాట నోట్లోంచి రాకముందే జవాబు తెర మీద పడుతుంది మరి. లండన్ నుంచి ఎవరైనా డీవీడీ సెట్టు తెస్తే అది రీజియన్ 2, మన ప్లేయర్లు రీజియన్ 5. రీజియన్ అంటే డీవీడీలకు ప్రాంతాల వారీగా వేసే తాళం, కలవకపోతే ఆడకపోవచ్చు. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ అయిదుసార్లే మార్చనిస్తుంది, చూసుకుని వాడండి. టైటిల్స్‌లో హోటలు బోర్డును పాజ్ చేయడం మరవొద్దు. అక్షరాలు అటూఇటూ మారి ఒకసారి ‘వాటరీ ఫౌల్స్’, ఒకసారి ‘ఫార్టీ టవల్స్’ అవుతుంటాయి.

లోపాలూ ఉన్నాయి. ‘ద జర్మన్స్’లో, హోటల్లోనే కాపురముండే ముసలి మేజర్ నోట జాతి దూషణలు వస్తాయి. 2020లో ఓ స్ట్రీమింగ్ సర్వీసు ఆ ఎపిసోడ్‌ను తీసేసి, హెచ్చరిక తగిలించి మళ్లీ పెట్టింది. మేజర్ వెర్రితనాన్ని ఎగతాళి చేస్తున్నారన్న వాదన సబబే. అయినా పిల్లలతో చూసేటప్పుడు ముందే తెలిసుండాలి. మాన్యుయెల్‌ను బాదడం కూడా వరసగా నాలుగు ఎపిసోడ్లు చూస్తే విసుగొస్తుంది. పైగా అదే ‘జర్మన్స్’ మంట సీనులో, కోటుకు పట్టించిన రసాయనాల వల్ల సాక్స్‌కు నిజంగానే ఒళ్లు కాలింది. అందుకే రోజుకు రెండు చాలు.

ఇక అభిమానులతో కలిసి చూస్తే వేరే లోకం. ఓ హోటలు పేరు మీద వచ్చిన వాల్డార్ఫ్ సలాడ్ అడిగితే ‘వాల్డార్ఫులు అయిపోయాయి’ అంటాడు బేసిల్. అంతే, వాల్డార్ఫులను ఫ్రిజ్‌లో పెట్టాలా, ఉప్పులో ఊరేయాలా, వారానికి ఎన్ని కేజీలు తెప్పించాలి అంటూ గంట నడుస్తుంది. మేజర్ నిజమని నమ్మి కబుర్లాడిన దుప్పితలకు జీతం బాకీ ఎంత? మొరాయించిన కారును బేసిల్ చెట్టుకొమ్మతో చావబాదాడు కదా, కారుకు ఇన్సూరెన్సు వస్తుందా? కొమ్మకు సహాయనటుడి అవార్డు ఇవ్వాలని ఒకడు, అది ఊగిన తీరుకు ఉత్తమ నటుడే ఇవ్వాలని ఇంకొకడు. ఎవరైనా సీరియస్‌గా సందేహం అడిగితే అందరిదీ ఒకటే జవాబు, మాన్యుయెల్ స్పానిష్‌లో ‘ఏంటి?’ అనే మాట: ‘కే?’