కల్చర్ ప్లేటా, బంగారు రేణువులా?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి పిన్నిగారికి మూత్రంలో మంట. కల్చర్‌కి, అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి చూసే పరీక్షకి ఇచ్చి వచ్చి, "రెండు రోజులంట! ఈలోపు నేనేమైపోవాలి బాబూ?" అన్నారు. న్యాయమే. కానీ ఈ మంటకు తరచూ కారణమయ్యే ఈ.కోలి బ్యాక్టీరియా ప్లేటు మీద కంటికి కనిపించే చుక్కగా పెరగాలంటే 37 డిగ్రీల దగ్గర దాదాపు ఒక రాత్రి పడుతుంది. ఏ మందుకు లొంగుతుందో తేలడానికి మామూలుగా ఇంకో రోజు.

బంగారు నానో రేణువులకు అంత ఓపిక అక్కర్లేదు. 20 నానోమీటర్ల రేణువులు నీళ్లలో విడివిడిగా ఉన్నంతసేపు ఆ నీళ్లు పసుపు రంగులో కాదు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి. వాటికి యాంటీబాడీలు (ఫలానా క్రిమిని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్లు) అతికిస్తే బ్యాక్టీరియా ఒంటి మీద గుంపుగా చేరతాయి. దగ్గరైన కొద్దీ ఎరుపు ఊదాగా, నీలంగా తిరుగుతుంది. నిమిషాల పని. వెండి రేణువులైతే ఇంకో ముచ్చట: తర్వాత బెంగళూరులోనే స్థిరపడిన సి.వి.రామన్ 1928లో కనిపెట్టిన, అణువులను తాకి రంగు మారి చెదిరే బలహీనమైన కాంతిని లక్షల రెట్లు పెంచగలవు.

చిక్కల్లా శాంపిల్‌తోనే. మూత్రంలోని ఉప్పు ఒక్కటి చాలు, జాగ్రత్త పడకపోతే బ్యాక్టీరియా లేకపోయినా రేణువులు ముద్దకట్టి రంగు మారిపోతుంది. పైగా చచ్చిన కణానికీ బతికిన కణానికీ యాంటీబాడీకి పెద్దగా తేడా తెలియదు. ప్లేటు మీద బతికున్నదే పెరుగుతుంది.

ట్యాంకర్ నీళ్లు అప్పటికప్పుడు చూడాలంటే నా ఓటు బంగారానికే. పిన్నిగారికి మాత్రం ఏ మాత్ర వేసుకోవాలో చెప్పేది ప్లేటే.