యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000: వెనుక తలుపు అంచున ఉన్న స్పాంజి గురించి

విజయనగరంలో మూసివేస్తున్న ఒక స్టూడియో నుంచి ఈ పాత ఫిల్ము కెమెరాను 2019లో 50 ఎంఎం లెన్సుతో సహా మూడున్నర వేలకు కొన్నాను. కొనే ముందు చూడవలసినవన్నీ చూశాననే అనుకున్నాను. బ్యాటరీలు తీసేసి, ఒక సెకను దగ్గర నుంచి 1/2000 వరకు షట్టరు వేగాలన్నీ నొక్కి విన్నాను. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టి, బూజు లేదని నిర్ధారించుకున్నాను. వెనుక తలుపు తెరిచాను గానీ, షట్టరు రేకులు వంగి ఉన్నాయేమోనని మాత్రమే చూశాను. తలుపు మూసుకునే గాడిలోనూ, కీలు పక్కనా వెలుతురు చొరబడకుండా అతికించే సన్నని నల్ల స్పాంజిని వేలితో నొక్కి చూడాలని తోచలేదు.

ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి 36 చిత్రాల రంగుల రోలు వేసుకుని, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మేడ మీద మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను. కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మాను, సిరిమాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు వెళ్లి వస్తుంది కాబట్టి, ఒక్కో రాకకు మధ్య కెమెరా నా మెడలో ఎండకు వేలాడుతూనే ఉంది. రోలును హైదరాబాదుకు కొరియరులో పంపి, రెండు వారాలు ఎదురుచూశాక స్కాన్లు వచ్చాయి. మాను కొసన కూర్చున్న పూజారి ఉన్న చిత్రాల్లో చాలావాటి మీద, ఒక అంచు నుంచి మధ్య దాకా, కాలిన ఇనుములాంటి ఎర్రటి చార పాకి ఉంది. సిరిమాను తిరిగే, ఏడాదికి ఒక్కసారి వచ్చే మంగళవారం అది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొదట ల్యాబును అనుమానించాను. తీరిగ్గా చూస్తే, వెంటవెంటనే తీసిన చిత్రాలు శుభ్రంగానే ఉన్నాయి; తీసిన తరువాత కెమెరా చాలాసేపు ఖాళీగా ఉన్నచోటే చార ముదిరింది. అప్పుడు తలుపు తెరిచి కీలు పక్కన వేలు పెడితే, తారులాంటి నల్లని జిగురు అంటుకుని, సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదల్లేదు. ఆ కాలపు కెమెరాల్లో వాడిన స్పాంజి గాలిలోని చెమ్మకు ఏళ్ల తరబడి కరిగి ఇలాగే అయిపోతుంది. సముద్రం దగ్గరగా ఉన్న మన జిల్లాల్లో బీరువాలో పడి ఉన్న కెమెరా అయితే ఇక చెప్పనక్కరలేదు.

బాగుచేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. షట్టరు మీద కాగితం కప్పి, చీపురు పుల్లతో జిగురు గీకి, స్పిరిటులో ముంచిన దూదితో గాడి తుడిచాను. గాడిలో నల్లని ఊలు దారం, కీలు పక్కన మఖమలు పీలిక అతికించాను. అద్దం పైకి లేచి తగిలే చోట ఉన్న స్పాంజిని కూడా మార్చాను. అది కరిగితే అద్దమే అంటుకుపోతుంది. ఖర్చు యాభై రూపాయలు దాటలేదు. ఆ తరువాత ఒక్క రోలులోనూ చార రాలేదు.

బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేయడం ఈ కెమెరాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుణం. కళింగపట్నం తీరంలో బ్యాటరీలు అయిపోయి వెలుతురు కొలిచే మీటరు ఆగిపోయినప్పుడు, 200 వేగపు ఫిల్ముకు లెన్సు రంధ్రం ఎఫ్16, షట్టరు వేగం 1/250 పెట్టుకుని ఎండను నమ్మి తీసిన బొమ్మలన్నీ చక్కగా వచ్చాయి. అయితే మొదటి ఏడాది ఇందులో పాడయ్యేదేమీ లేదని మిత్రులకు చెప్పిన మాటను సవరించుకోవాలి. వ్యూఫైండరులోని మీటరు దీపాలు గట్టి ఎండలో సరిగా కనిపించవు. కెమెరా ఒంటి మీది తోలులాంటి తొడుగు కుంచించుకుపోయి మూలల్లో లేచింది. 1/2000 మీద ఇప్పుడు నేను అంతగా ఆధారపడను.

నేను ఎక్కువగా పగటి వెలుతురులో, నెలకు ఒక రోలుకు మించకుండా తీస్తాను. ఇలాంటి చిన్న మరమ్మతులకు ఓపికా ఉంది. ఆ రెండూ ఉన్నవారికి ఈ ధరలో ఇది మంచి కెమెరాయే అనిపిస్తుంది. పెళ్లిళ్లలాంటి మళ్లీ రాని సందర్భాలకు కొనేవారికి మాత్రం ధైర్యంగా చెప్పలేను. ఈ మధ్య మా మేనకోడలి కోసం శ్రీకాకుళంలో ఇదే మోడల్ చూడటానికి వెళ్లినప్పుడు, అమ్మే ఆయన షట్టరు నొక్కి వినిపించబోతుంటే, ముందు వెనుక తలుపు తెరవమని అడిగాను.