హార్స్లీ హిల్స్ మలుపుల్లో: ఎం340ఐనా, ఎస్5ఆ?

బెంగళూరులో మా బావ దగ్గర బీఎండబ్ల్యూ ఎం340ఐ ఉంది, ఆఫీసు స్నేహితుడి దగ్గర ఆడి ఎస్5. రెండింటిలోనూ 3 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), నాలుగు చక్రాల డ్రైవ్. కాగితం మీద కవలలే. మదనపల్లె దాటి హార్స్లీ హిల్స్ ఘాట్ ఎక్కితే మాత్రం తేడా తెలిసిపోతుంది.

ఎం340ఐలో ఎక్స్‌డ్రైవ్, అంటే బీఎండబ్ల్యూ వారి నాలుగు చక్రాల డ్రైవ్, వెనక చక్రాల వైపే మొగ్గుతుంది. మలుపుకు ముందే బ్రేక్ వేసి, స్టీరింగ్ తిప్పి, మధ్యలో మెల్లగా యాక్సిలరేటర్ నొక్కాలి. అప్పుడు వెనక నుంచి ఎవరో నెట్టినట్టు కారు అనుకున్న గీత మీదే బయటికొస్తుంది. టైర్లు రోడ్డును పట్టుకోవడం సీట్లో కూర్చున్న వెన్నుకే తెలుస్తుంది. ఆ అనుభూతి కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేవడానికైనా నేను సిద్ధం.

ఎస్5లో ఇంజన్ బరువు ముందు ఇరుసుకు ఇంకా ముందుకు ఉంటుంది. వేగం ఎక్కువైతే ముక్కు మలుపు బయటికి జారబోతుంది. కానీ వానలో దీని పనితనం వేరు. ఆడి వారి నాలుగు చక్రాల డ్రైవ్ క్వాట్రో మామూలుగా ముందు, వెనక చక్రాలకు 40:60గా టార్క్ పంచుతుంది. ఒకవైపు పట్టు తప్పగానే రెండోవైపుకు ఎక్కువ పంపుతుంది. తడి రోడ్డు మీద టెన్షన్ ఉండదు.

బ్రేక్ వేసినప్పుడు మాత్రం ఏ డ్రైవూ ఆదుకోదు, పట్టంతా టైర్లదే. అరిగిన టైర్లతో ఘాట్ ఎక్కొద్దు.

నా ఓటు ఎం340ఐకే. జోరువానలో పిల్లలతో వెళ్లాల్సి వస్తే ఎస్5 తీసుకుంటాను.