లినక్స్ ఎక్కించడానికి డీవీడీయా, పెన్‌డ్రైవా: ఏది మేలు?

కంప్యూటర్ గత పది పన్నెండేళ్లలో కొన్నదైతే పెన్‌డ్రైవే. తర్జనభర్జన అక్కర్లేదు. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూట) ఒక్కటే దాదాపు 6 జీబీ. మామూలు డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్ లెక్కలో అది 4.38కి మించదు. ఎక్కువ పట్టే డబుల్ లేయర్ డిస్కు కోసం విజయవాడ బీసెంట్ రోడ్డంతా తిరిగే బదులు 16 జీబీ పెన్‌డ్రైవ్ కొనుక్కోవడం నయం. ఇంకో రకమైన లినక్స్ మింట్ అయితే 3 జీబీ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి డీవీడీలోనూ పడుతుంది.

ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో ఇంటికొచ్చే రోజులు 2011తో పోయాయి. ఇప్పుడు దించుకోవడమే. బ్రౌజర్ కంటే టోరెంట్ (ఫైలును ముక్కలుగా చాలామంది దగ్గర్నుంచి దించే పద్ధతి) మేలు: మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది, ప్రతి ముక్కనూ సరిచూసుకుంటుంది. ఎలా దించినా సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యతో (ఫైలుకి వేలిముద్ర లాంటిది) పోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్ ఆ పని చేసిపెడుతుంది. సంఖ్య కలవకపోతే ఆ ఫైలు పారేయాల్సిందే.

పెన్‌డ్రైవ్‌లో ఐఎస్‌ఓని ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, అంటే కంప్యూటర్ దాన్నుంచి మొదలవదు. రూఫస్, ఎచర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రాయాలి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. రూఫస్‌లో డిస్కు అమరిక అడిగితే, పాత బయోస్‌కి (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఎంబీఆర్, దాని కొత్త రూపమైన యూఈఎఫ్‌ఐకి జీపీటీ ఎంచుకోండి. ఎచర్‌తో రాశాక విండోస్ 'ఫార్మాట్ చేయాలా' అని అడగొచ్చు, 16 జీబీ డ్రైవ్ కాస్తా నాలుగైదు ఎంబీలుగా కనిపించొచ్చు. డ్రైవ్ చెడిపోలేదు, విండోస్‌కి ఆ అమరిక అర్థం కాలేదంతే. ఫార్మాట్ నొక్కకండి.

ఇక డీవీడీ. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కొట్లో బిల్లులు కొట్టే పాత పెంటియం 4 లాంటి వాటికి ఇంకా ఇదే దిక్కు, ఎందుకంటే వాటిలో చాలా బయోస్‌లు యూఎస్‌బీ నుంచి బూట్ కావు. అయితే ముందు ప్రాసెసర్ చూడండి. 32-బిట్‌దైతే ఉబుంటు దారి 2017లోనే మూసుకుపోయింది, మరో లినక్స్ రకమైన డెబియన్ 13కీ ఆ ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12 నెట్‌ఇన్‌స్ట్ (మిగతాదంతా నెట్ నుంచి దించుకునే చిన్న ఐఎస్‌ఓ) 32-బిట్‌ది తీసుకోండి. ఐఎస్‌ఓ జీబీ లోపే, కానీ ఎక్కించేటప్పుడు నెట్ కావాలి, కేబుల్‌తో అయితే మరీ మంచిది.

విండోస్‌లో ఐఎస్‌ఓ మీద రైట్ క్లిక్ చేసి 'బర్న్ డిస్క్ ఇమేజ్' ఎంచుకుని, వెరిఫై టిక్ పెట్టండి. స్పీడు ఎంచుకునే వీలున్న సాఫ్ట్‌వేర్‌లో 4ఎక్స్ చాలు: నిండు డిస్కుకి పావుగంట. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు, మధ్యలో కరెంటు పోతే డీవీడీ-ఆర్ చెత్తబుట్టకే. అయ్యాక డిస్కు తెరిచి చూడండి. లోపల ఒకే ఒక్క ఐఎస్‌ఓ ఫైలు కనిపిస్తే ఇమేజ్‌గా కాక డేటాగా రాసినట్టు, బూట్ కాదు. ఫోల్డర్లు వరసగా కనిపించాలి.

ఒక కంప్యూటర్లో బాగా చదివిన డిస్కే కొట్లోని దానిలో సగంలో రీడ్ ఎర్రర్ ఇస్తే, తప్పు ఎక్కువగా డ్రైవ్ లెన్స్‌ది. యార్డు దుమ్ము ట్రేలోంచి నేరుగా లెన్స్ మీదికే చేరుతుంది. బ్లోయర్‌తో ఊది మళ్లీ చూడండి. చెరిపి మళ్లీ వాడుకోవచ్చు కదా అని డీవీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కు కొంటారు కొందరు. దాని అద్దపు మెరుపు తక్కువ, అరిగిన లెన్స్‌కి అస్సలు ఆనదు. అలాంటి డ్రైవ్‌కి ఒక్కసారే రాయగల డీవీడీ-ఆరే పెట్టండి.