జిగ్సా పజిల్: ఐదొందల ముక్కలదా, వెయ్యి ముక్కలదా?

ఇంట్లో తీరిగ్గా జిగ్సా పజిల్, అంటే ముక్కలుగా కోసిన బొమ్మను మళ్లీ కలిపే ఆట, పేర్చుకోవాలని ముచ్చటపడేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎన్ని ముక్కలది కొనాలి? అడగాల్సిన ప్రశ్నే, కానీ పెట్టె మీది అంకె సగం సంగతే చెబుతుంది. మిగతా సగం బొమ్మలోనూ, ముక్కలు కోసిన తీరులోనూ ఉంటుంది. ఐదొందల ముక్కల్లో ప్రాణం తీసేవీ ఉన్నాయి, వెయ్యి ముక్కల్లో హాయిగా సాగిపోయేవీ ఉన్నాయి.

ముందు అంకె సంగతి చూద్దాం. ముక్కలు రెట్టింపైతే పని కూడా రెట్టింపే కదా అనుకుంటాం. అలా జరగదు. నింపాల్సిన చోట్లు రెట్టింపవుతాయి, ఒక్కో చోటు కోసం వెతకాల్సిన ముక్కలూ రెట్టింపవుతాయి. గుడ్డిగా వెతుక్కుంటూ పోతే పని నాలుగింతలు. రంగుల ప్రకారం కుప్పలు పెట్టుకుంటాం కాబట్టి అంత దూరం పోదు గానీ, రెండింతల దగ్గర మాత్రం ఆగదు.

పైగా చోటు కావాలి. మామూలుగా వెయ్యి ముక్కల బొమ్మ పూర్తయితే దాదాపు 70 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. విడి ముక్కలు పరుచుకోవడానికి మళ్లీ అంత చోటైనా ఉండాలి. ఇంట్లో ఉన్న ఒక్క బల్ల మీదే అందరూ భోంచేస్తూ, పిల్లలు చదువుకుంటూ ఉంటే రోజుల తరబడి దాన్ని ఆక్రమించడం కుదరదు. ఐదొందలదైతే సుమారు 49 సెంటీమీటర్లకు 36. మందపాటి అట్ట మీద పేర్చుకుంటే ఎత్తి పక్కన పెట్టేయొచ్చు, సెలవు రోజు ఒక పూట కూర్చుంటే చాలావరకు అయిపోతుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఐదొందలే చెబుతాను. అది పిల్లల లెక్క అని చిన్నచూపు అక్కర్లేదు. 2019లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో మొదలైన ప్రపంచ జిగ్సా పోటీల్లో ఒంటరిగా ఆడేవాళ్లకు ఇచ్చేది ఐదొందల ముక్కల పజిలే.

వెయ్యి అని రాసి ఉన్న పెట్టెల్లో చాలావాటిలో నిజానికి 1026 ముక్కలుంటాయి: అడ్డంగా 38, నిలువుగా 27. వాటిలో అంచు ముక్కలు 126. అంచంతా కట్టేశాక ఒకటి తక్కువైందని టెన్షన్ పడేముందు ఇలా ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది. ముక్క పోయి ఉండదు, ఎక్కడో కుప్పలో దాక్కుని ఉంటుంది.

ఇక బొమ్మ. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తేడా ఇక్కడే వస్తుంది. కొండలు, సరస్సు, పైన సగం దాకా మబ్బు లేని ఆకాశం ఉన్న ఫొటో పెట్టె మీద చాలా అందంగా కనబడుతుంది. తీరా కూర్చుంటే కొండలు, ఒడ్డు ఒక పూటలో అయిపోయి, మూడొందల నీలం ముక్కలు మిగులుతాయి. అప్పుడు రంగు సాయం చేయదు, ఆకారం ఒక్కటే దిక్కు. వరుసల్లో కోసిన పజిళ్లలో లోపలి ముక్కలు బొడిపెల (పక్క ముక్క గుంటలో ఇమిడేలా బయటికి పొడుచుకొచ్చిన భాగాల) లెక్కన ఆరు రకాలే: నాలుగు వైపులా గుంటలున్నవి, ఒకే బొడిపె ఉన్నవి, రెండు బొడిపెలు ఎదురెదురుగా ఉన్నవి, రెండూ పక్కపక్కన ఉన్నవి, మూడున్నవి, నాలుగున్నవి. నీలం ముక్కల్ని ఇలా ఆరు కుప్పలు చేసుకుని, ఖాళీ చోటు ఏ రకం అడుగుతోందో చూసి ఆ కుప్పలోనే వెతికితే పని తేలికవుతుంది. ఈ పద్ధతిలో ఒక రకమైన ఏకాగ్రత కుదురుతుంది, అదంటే పడిచచ్చేవాళ్లున్నారు. కానీ మొదటి పజిల్‌కే ఇది ఎదురైతే చాలామంది సగంలో పెట్టెలో పోసేస్తారు.

దీనికి బదులు గీసిన బొమ్మ తీసుకోండి. పుస్తకాల అరలు, సంతలో దుకాణాలు, తోటలో వందరకాల పూలు, రకరకాల తపాలా బిళ్లలు పక్కపక్కన పేర్చినవి. ఇలాంటివాటిలో ప్రతి ముక్క మీదా ఏదో ఒక గుర్తు ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే ఇది ఎర్ర అట్ట పుస్తకం వెన్ను, ఇది పిల్లి చెవి అని తెలిసిపోతుంది. వెయ్యి ముక్కలైనా ఇలాంటి బొమ్మ అయితే భయం లేదు.

ఈ రెంటికీ మధ్యలో చిత్రకారుల బొమ్మలున్నాయి. వాన్ గో 1889లో వేసిన ‘స్టారీ నైట్’నే చూడండి. అందులోనూ పైనంతా నీలి ఆకాశమే, కానీ ఫొటోలో ఆకాశంలా విసిగించదు. ప్రతి కుంచె గీతకూ ఒక దిక్కుంది. ముక్క మీద గీత ఎటు వంగిందో చూస్తే ఏ సుడిలోదో, సుడికి ఏ పక్కదో పట్టేయొచ్చు. పుస్తకంలో వందసార్లు చూసిన బొమ్మలో కూడా ఎన్ని రకాల నీలాలున్నాయో, వాటి మధ్య పసుపు ఎక్కడెక్కడ దూరిందో అప్పుడు కంటికి ఆనుతుంది. నాకైతే జిగ్సాలో ఇంతకన్నా ఇష్టమైనది లేదు.

కోతలో రెండు రకాలు. వరుసలు, నిలువులుగా కోసినవి ఒకటి, ముక్కకో ఆకారంగా అడ్డదిడ్డంగా కోసినవి ఇంకొకటి. మొదటి రకంలో అసలు చిక్కేమిటంటే, తనది కాని చోట కూడా ముక్క ఇమిడిపోతుంది. ఆకాశంలాంటి చోట అలా ఒక్కటి తప్పు కూర్చుంటే, చుట్టూ ఇంకో పదింటి లెక్క తప్పుతుంది. అనుమానం వస్తే ఆ రెండు ముక్కలనీ కలిపి ఎత్తి దీపానికి అడ్డం పెట్టి చూడండి. సరైన జత అయితే కీలు దగ్గర వెలుతురు దాదాపు రాదు, తప్పు జత అయితే సన్నటి గీతలా కారుతుంది. రెండో రకంలో ఈ బెడద తక్కువ, ఆకారాలు చూడ్డానికీ సరదాగా ఉంటాయి. రెండూ దొరికితే అడ్డదిడ్డం కోతే తీసుకోమంటాను.

కొయ్యా, అట్టా అన్నది తర్వాతి మాట. జిగ్సా పుట్టింది కొయ్యతోనే. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన దేశపటాలను పలచటి చెక్కకు అంటించి, సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. పిల్లలకు భూగోళం నేర్పడానికి. చాలాకాలం అది డబ్బున్న ఇళ్ల ఆటే. ఉక్కు అచ్చుతో ఒక్క ఒత్తుతో అట్టను కోయడం వచ్చాకే అందరికీ అందింది. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికాలో వారానికో కొత్త అట్ట పజిల్ చవగ్గా అమ్మితే జనం ఎగబడి కొన్నారు.

కొయ్య ముక్క చేతికి బరువుగా ఆనుతుంది, గూట్లో పడేటప్పుడు చిన్న టక్కుమన్న చప్పుడు చేస్తుంది. పక్షి, చేప, మనిషి ఆకారంలో కోసిన ముక్కలు కూడా మధ్యమధ్యలో వస్తాయి. కొన్నిటిలో అంచు తిన్నగా ఉన్న ముక్కను లోపల పెట్టి, మూలను రెండుగా చీల్చి తికమక పెడతారు కాబట్టి రెండొందల యాభై ముక్కలే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఎన్నిసార్లు విప్పి పేర్చినా అంచులు నలగవు. ఖరీదు మాత్రం అట్టదానికి ఎన్నోరెట్లు. లేజర్‌తో కోసినవైతే కొత్తలో కాలిన వాసన వస్తుంది, వేళ్లకు కాస్త మసి అంటుతుంది. ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ పేర్చేవాళ్లకు, మనసైనవాళ్లకు కానుకగా ఇవ్వడానికి కొయ్య. నెలకో కొత్త బొమ్మ కావాలనుకునేవాళ్లకు అట్ట. అట్టలో మెరుపు పూతది వద్దు. పైన దీపం పడితే సగం బొమ్మ కనబడదు.

ఫోన్‌లో, ట్యాబ్‌లో ఆడే జిగ్సా ప్రయాణాల్లో బాగుంటుంది, ముక్క పోదు, చోటు అక్కర్లేదు. కానీ ఇంట్లో దానికి నా ఓటు లేదు. ముక్క తిప్పాల్సిన అవసరం లేకుండా సెట్టింగ్ పెడితే సగం ఆట పోతుంది, పక్కవాళ్లు వచ్చి చేయి కలపడానికీ వీలుండదు.

ఆ చేయి కలపడం కోసమైనా బల్ల మీద పేర్చే జిగ్సా ఉండాలి. ఇలా నలుగురు చేరేటప్పుడు మాత్రం వెయ్యి ముక్కలదే మేలు, ఐదొందలదైతే చేతులు అడ్డం పడతాయి. ఒకరు అంచు, ఒకరు ఎరుపు, ఒకరు అక్షరాలున్న ముక్కలు అని పంచుకుంటే గొడవ ఉండదు. అటుగా పోతున్నవాళ్లు ఊరికే నిలబడి చూసి ఒక ముక్క పెట్టేసి పోతారు, మనం అరగంటగా వెతుకుతున్నది సరిగ్గా అదే అవుతుంది.

పూర్తయ్యాక జిగురు పూసి గోడకు తగిలించాలా, విప్పేయాలా? మరీ మనసు పడ్డ ఒకటి రెంటిని తగిలించండి, మిగతావి విప్పేయండి. జిగురు పూసినది ఇక ఆట కాదు. విప్పినది ఇంకొకరికి ఇవ్వొచ్చు, వాళ్ల దగ్గరున్నది మనం తెచ్చుకోవచ్చు. ఇచ్చేటప్పుడు అంచు ముక్కల్ని చిన్న కవర్‌లో వేరుగా పెడితే ఎదుటివాళ్లకు అడ్డదారి చూపినట్టవుతుంది, అన్నీ కలిపేయండి. ముక్క ఏదైనా పోయి ఉంటే మాత్రం అది బొమ్మలో ఎక్కడిదో పెట్టె మీద రాసి ఇవ్వండి.