సీ బాస్, టంగ్ సోల్: ఆడా మగా తేల్చేది ఏది?

మధ్యధరా తీరంలో పెంచే యూరోపియన్ సీ బాస్‌లోనూ, చైనాలో పెంచే టంగ్ సోల్‌లోనూ ఆడచేపలే త్వరగా బరువెక్కుతాయి కనుక రైతుకు కావలసినవి అవే. అయితే లింగ నిర్ణయం జరిగే తీరు మాత్రం రెండింటిలో వేరు. సీ బాస్‌కు ప్రత్యేక లింగ క్రోమోజోములు లేవు. అనేక జన్యువుల ప్రభావమూ, పిల్లదశలో తగిలే నీటి వేడీ కలిసి లింగాన్ని తేలుస్తాయి. పెరుగుదల త్వరపడాలని హేచరీలో నీటిని వెచ్చగా ఉంచితే, మగ హార్మోన్ ఆండ్రోజెన్‌ను ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చే ఆరోమటేజ్ జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ భాగమైన ప్రమోటర్‌పై మిథైలేషన్ (మిథైల్ అనే రసాయన గుర్తులు అంటుకోవడం) పెరిగి, ఆ జన్యువు పని తగ్గి, మగచేపలే అధికమవుతాయని 2011లో స్పెయిన్ పరిశోధకులు చూపారు.

టంగ్ సోల్‌లో జెడ్, డబ్ల్యూ అనే లింగ క్రోమోజోములున్నాయి: ఆడది జెడ్‌డబ్ల్యూ, మగది జెడ్‌జెడ్. జెడ్ మీదనున్న డీఎంఆర్‌టీ1 జన్యువు వృషణాల ఏర్పాటుకు కీలకం. ఆడచేపలో మిథైలేషన్ దాన్ని అణచివేస్తుంది. ఇక్కడా వేడి ఊరుకోదు: 28 డిగ్రీల నీటిలో చాలా జెడ్‌డబ్ల్యూ పిల్లలు మగవిగా మారడమే కాక, ఆ ధోరణి వాటి సంతతికీ సంక్రమిస్తుంది. అయినా జన్యులింగాన్ని డీఎన్‌ఏ పరీక్షతో పిల్లదశలోనే పట్టవచ్చు కనుక, ఎంపికకు టంగ్ సోలే సులువని నా అభిప్రాయం. సీ బాస్‌లో తల్లిదండ్రుల ఎంపికకు తోడు తొలి రెండు నెలలు నీరు 17 డిగ్రీలు దాటకుండా చూడవలసి ఉంటుంది. మన పండుగప్ప దారి వేరే: అది మగదిగా మొదలై, కొన్నేళ్లకు ఆడదవుతుంది.